ఆటగాడు చేసిన కారుకు గ్రిడ్డులో చోటుందా?

రేసింగ్ సిమ్యులేషన్ ఆటలో కారు అంటే మూడు పొరలు. పైన కంటికి కనిపించే త్రిమితీయ నమూనా, దాని మీది రంగులు. మధ్యన ఇంజన్ శబ్దం, డ్యాష్‌బోర్డు, అద్దాలు. అడుగున అంకెలు: బరువెంత, అది ముందు వెనక చక్రాల మీద ఏ పాళ్లలో పడుతుంది, గురుత్వ కేంద్రం ఎంత ఎత్తులో ఉంది, ఇంజన్ ఎన్ని చుట్ల దగ్గర ఎంత టార్క్ ఇస్తుంది, స్ప్రింగులు ఎంత గట్టివి, టైరు ఎంతవరకు పట్టి ఎక్కడ జారుతుంది. ఆట కొన్నవారే ఇవన్నీ సొంతంగా తయారుచేసి ఆటలో చేర్చుకునే కారును మోడ్ అంటారు, చేసేవారిని మోడర్ అంటారు. కారుకు కొత్త రంగులు వేసుకోవడం మీద ఎక్కడా పెద్ద తగవు లేదు. తగవంతా మిగతా పొరల గురించి, ముఖ్యంగా అడుగు పొర గురించి.

ఈ విషయంలో స్టూడియోలు మూడు దారులు పట్టాయి. 2005లో వచ్చిన ఆర్‌ఫ్యాక్టర్, 2014లో ఇటలీ సంస్థ కూనోస్ సిమ్యులాజియోని విడుదల చేసిన అసెట్టో కోర్సా తలుపులు బార్లా తెరిచాయి. 2008లో మొదలైన ఐరేసింగ్ పూర్తిగా మూసింది. అక్కడ ప్రతి కారూ స్టూడియో చేసిందే. మూడో దారి లైవ్ ఫర్ స్పీడ్‌ది. స్కావెన్ రాబర్ట్స్, ఎరిక్ బెయిలీ, విక్టర్ వాన్ వ్లార్డింగెన్ అనే ముగ్గురు కలిసి 2002లో దీని తొలి రూపాన్ని బయటపెట్టారు. దాదాపు ఇరవై ఏళ్లపాటు ఆటగాళ్లు రంగులు, కారు సెట్టింగులు, శంకువులు పేర్చి గీసిన ట్రాక్ లేఅవుట్లు చేసుకోగలిగారు గానీ కారు మాత్రం చేయలేకపోయారు. ఆటలో ఉన్నవి 20 కార్లు. ఎక్స్‌ఎఫ్ జీటీఐ, ఎక్స్‌ఆర్ జీటీ వంటి కల్పిత వాహనాలే వాటిలో ఎక్కువ. బీఎండబ్ల్యూ సాబర్ ఎఫ్1.06 లాంటి నిజం కార్లు కొన్నే. 2021 డిసెంబరులో ఆ గడియ తీశారు, కానీ వాకిట్లో కాపలా పెట్టి తీశారు.

ఆ నిర్ణయం మంచిదా కాదా అన్నదే ఈ సంవాదం. ఒక పక్షాన ఆన్‌లైన్ పోటీలు నడిపే నిర్వాహకుడు, రెండో పక్షాన కార్లు తయారుచేసే మోడర్. ఇద్దరూ ఒక వ్యక్తికి కాక ఒక్కో వాదానికి ప్రతినిధులు.

ఆట ఆయుష్షు

మోడర్: ముందు ఒక మాట ఒప్పుకోవాలండీ. సిమ్యులేషన్ ఆటలు స్టూడియోల దయ వల్ల కంటే ఆటగాళ్ల చేతుల వల్లే ఎక్కువ కాలం బతికాయి. పపైరస్ స్టూడియో 1998లో గ్రాండ్ ప్రీ లెజెండ్స్ ఇచ్చింది. అందులో ఉన్నది 1967 ఫార్ములా వన్ సీజన్ ఒక్కటే. ఆ స్టూడియో 2004లో మూతపడింది. ఆట మాత్రం ఆగలేదు. అభిమానులు 1965, 1966, 1969 సీజన్ల కార్లు తయారుచేసి చేర్చారు. అసెట్టో కోర్సా కథా అంతే. పీసీ మీద మోడ్లు ఉన్నాయి కాబట్టి పదేళ్లు దాటినా జనం ఆడుతున్నారు. అదే ఆట 2016లో ప్లేస్టేషన్ 4కీ ఎక్స్‌బాక్స్ వన్‌కీ వెళ్లింది. అక్కడ మోడ్లు లేవు, ఇచ్చిన కార్లతోనే సరిపెట్టుకోవాలి. ఎక్కడ ఆట ఎక్కువ కాలం నిలిచిందో వేరే చెప్పాలా?

నిర్వాహకుడు: ఆయుష్షు సంగతి కాదనను. అయితే అదే కూనోస్ 2019లో అసెట్టో కోర్సా కాంపెటిజియోని తెచ్చినప్పుడు కార్ల మోడ్లకు చోటివ్వలేదు. స్పోర్ట్స్ కార్ల జీటీ3 పోటీల అధికారిక లైసెన్సుతో వచ్చిన ఆట అది. ప్రధానంగా ఒకే తరగతి కార్లు, ఒకే నియమావళి, అందరికీ ఒకే కొలత. తెరిచి ఉంచితే ఏమవుతుందో తెలిసిన సంస్థే మూసింది. పైగా ఆయుష్షు అంటే ఎవరి ఆయుష్షండీ? వందల కార్లు వచ్చిపడితే ఆటగాళ్లు వందచోట్ల చెదిరిపోతారు. రాత్రి తొమ్మిదింటికి సర్వరులో ఇరవైమంది ఉండాల్సిన చోట అయిదుగురు ఉంటారు. లైవ్ ఫర్ స్పీడ్ ఇన్నేళ్లు నిలవడానికి ఆ 20 కార్లే కారణం. ప్రతి కారు గుణం అందరికీ తెలుసు. కాబట్టి ల్యాప్ టైము చెబితే చాలు, అది ఎంత గొప్పదో చెప్పక్కర్లేకుండా అర్థమయ్యేది.

మోడర్: చెదిరిపోవడం నిజమే, కానీ అది కార్ల సంఖ్య వల్ల వచ్చింది కాదు. ఏ సర్వరులో ఏ కార్లు నడవాలో సర్వరు నడిపేవారే నిర్ణయించుకోవచ్చు. లైవ్ ఫర్ స్పీడ్‌లో మోడ్లు అసలు వద్దనవచ్చు, కొన్నింటిని పేరుపేరునా ఎంచుకోవచ్చు. ఇరవైమందికి నచ్చిన ఒక్క కారు దొరికితే ఇరవైమందీ అక్కడే ఉంటారు. పెద్ద స్టూడియో దృష్టి ఎప్పుడూ పడని బండ్లున్నాయి: పాత పల్లెటూరి ర్యాలీ కార్లు, లారీలు, మూడు చక్రాల బళ్లు, ఒకే దేశంలో తిరిగిన చిన్నకార్లు. 1983 నుంచి మన రోడ్లను నింపిన మారుతి 800ను ఫెరారీ పక్కన పెట్టి అమ్ముదామని ఏ విదేశీ స్టూడియో అనుకుంటుంది? దాన్ని ప్రేమగా కొలిచి చేసేవాడు మోడరే.

అంకెల నిజం

ఈ దశలో వాదం సంఖ్య మీంచి నాణ్యత మీదికి మళ్లుతుంది. సిమ్యులేషన్ ఆటకు ఆర్కేడ్ ఆటకు ఉన్న భేదమే ఇక్కడ మూలం. ఆర్కేడ్ ఆటలో కారు సరదాగా నడిస్తే చాలు. సిమ్యులేషన్‌లో కారు ఒక ప్రకటన చేస్తుంది: ఈ బరువు, ఈ టైర్లు, ఈ సస్పెన్షన్ ఉన్న నిజం బండి ఈ మలుపులో ఇలాగే ప్రవర్తిస్తుందని. ఆ ప్రకటన నిజమో కాదో తేల్చగలిగినప్పుడే ఆటకు సిమ్యులేషన్ అన్న పేరు చెల్లుతుంది.

నిర్వాహకుడు: అసలు చిక్కు ఇదేనండీ. అసెట్టో కోర్సాలో కారు భౌతిక గుణాలన్నీ మామూలు అక్షరాల ఫైళ్లలో ఉంటాయి. ఇంజన్‌కు ఒకటి, సస్పెన్షన్‌కు ఒకటి, టైర్లకు ఒకటి. టైరు ఎంత పట్టివ్వాలో కూడా అక్కడే రాయాలి. మోడర్ ఒక అంకెను కాస్త పెంచితే చాలు, కారు రోడ్డుకు జిగురేసినట్టు అంటుకుంటుంది. మోసం చేయాలనే ఉద్దేశం ఉండనక్కర్లేదు. టైరు కంపెనీలు తమ కొలతలు బయట పెట్టవు. కాబట్టి మోడర్ ఊహించాలి. ఊహ తప్పితే దాన్ని పట్టుకునేదెవరు? నమూనా అందంగా ఉంటే, శబ్దం బాగుంటే, లోపలి అంకెలు కూడా అంతే శ్రద్ధగా చేశారని జనం నమ్మేస్తారు.

మోడర్: స్టూడియోలు ఊహించవా? వాటికీ అన్ని కార్ల కొలతలూ దొరకవు. స్టూడియో కారులో తప్పుంటే కొత్త వెర్షన్ వచ్చేదాకా భరించాలి. మోడ్ అయితే ఎవరైనా ఫైలు తెరిచి చూసి, ఫలానా అంకె పొరపాటని చెప్పగలరు. అయినా మీరు చెప్పిన లోపాన్ని కాదనడం లేదు. దానికి మందు నిషేధం కాదంటున్నాను. మోడర్ చేతికి ఏది ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు అన్నది తేల్చడమే మందు. లైవ్ ఫర్ స్పీడ్ సరిగ్గా అదే చేసింది. టైరు భౌతికం ఆట కోడులోనే ఉండిపోయింది. మోడర్ టైరు రకాన్ని ఎంచుకుంటాడు, వెడల్పు, వ్యాసం చెబుతాడు. పట్టెంతో ఆటే లెక్కగడుతుంది. కాబట్టి స్టూడియో కారుకూ మోడ్ కారుకూ కింద ఉన్న రబ్బరు ఒకటే.

నిర్వాహకుడు: రబ్బరు ఒకటే అయినా బరువు, ఇంజన్ మోడర్ చేతిలోనే ఉన్నాయి కదా. గురుత్వ కేంద్రాన్ని నాలుగు అంగుళాలు కిందికి దించితే మలుపులో ఎంత తేడా వస్తుందో తెలియనిది కాదు. మలుపు తిరిగేటప్పుడు బరువు లోపలి చక్రాల మీంచి బయటి చక్రాల మీదికి జరుగుతుంది. కేంద్రం ఎంత కిందుంటే అంత తక్కువ జరుగుతుంది, నాలుగు టైర్లూ అంత సమానంగా పనిచేస్తాయి. ఆ ఒక్క అంకెతో మామూలు సెడాన్ రేసు కారవుతుంది.

మోడర్: అందుకే పరిశీలన ఉంది. తయారైన మోడ్ నేరుగా అందరికీ చేరదు. ముందు పరిశీలకులు చూడాలి, వాళ్లు ఆమోదించాలి. నిజం కారని చెప్పిన మోడ్ అంకెలు ఆ కారు తెలిసిన కొలతలకు దగ్గరగా ఉన్నాయో లేదో పోల్చి చూడవచ్చు. కల్పిత కారైతే కొలిచేందుకు నిజం బండి ఉండదు. అప్పుడు అడగాల్సిన ప్రశ్న వేరు. ఇలాంటి కారు చేయడం సాధ్యమా? 600 కిలోల బండికి 900 హార్స్‌పవర్ ఉండవచ్చు. 60 కిలోల బండికి ఉండదు.

సమాన పోటీ

నిర్వాహకుడు: ఇక పోటీ విషయానికి వద్దాం. ఆర్‌ఫ్యాక్టర్ రోజుల్లో సగం సాయంత్రం రేసుకు కాదు, ఫైళ్లకు పోయేది. ఒకడి దగ్గర మోడ్ పాత వెర్షన్, ఇంకొకడి దగ్గర కొత్తది, మూడోవాడి దగ్గర అసలు లేదు. ఫైళ్లు కలవకపోతే సర్వరు లోపలికి రానివ్వదు. అసెట్టో కోర్సా సర్వరు కూడా కారు ఫైళ్ల ముద్రను పోల్చి చూస్తుంది. మోసం ఆపడానికి ఆ తనిఖీ అవసరమే. కానీ ప్రతి తనిఖీ ఒక ఆటగాణ్ని గుమ్మం దగ్గరే నిలబెడుతుంది.

మోడర్: ఆ ఇబ్బంది మోడ్ల వల్ల రాలేదు, వాటిని పంచే పద్ధతి వల్ల వచ్చింది. ఒకే చోటి నుంచి, ఆటే నేరుగా దింపుకునే ఏర్పాటు ఉంటే అందరి దగ్గరా ఒకే ఫైలు ఉంటుంది. ఆర్‌ఫ్యాక్టర్ 2 స్టీమ్ వర్క్‌షాప్‌ను వాడుకుంది. లైవ్ ఫర్ స్పీడ్‌లో సర్వరులోకి వెళ్తే కావలసిన మోడ్ దానంతటదే దిగుతుంది. జిప్ ఫైళ్లు వెతకడం, ఫోల్డర్లు మార్చడం లేవు.

నిర్వాహకుడు: ఫైలు ఒకటైనంత మాత్రాన కార్లు సమానం కావు. ఒక తరగతిలో స్టూడియో చేసిన మూడు కార్లు ఉన్నాయనుకోండి. వాటిని ఏళ్ల తరబడి సరిచూశారు. అందులోకి నాలుగోది, ఎవరో ఇంట్లో కూర్చుని చేసిన కారు వస్తే, మర్నాటికల్లా ఇరవైమందిలో పద్దెనిమిది మంది దాన్నే ఎంచుకుంటారు. అది బాగుందని కాదు, అర సెకను వేగమని.

మోడర్: నిజం రేసుల్లో మాత్రం కార్లు సహజంగా సమానమా? 2006లో మొదలైన జీటీ3 పోటీలు చూడండి. ముందు ఇంజన్ ఉన్నది, మధ్యలో ఇంజన్ ఉన్నది, వెనక ఉన్నది, అన్నీ ఒకే తరగతిలో పరుగెడతాయి. అది ఎలా సాధ్యమైంది? నిర్వాహకులే ఒకదానికి బరువు కలుపుతారు, ఇంకొకదాని ఇంజన్‌కు గాలి తగ్గిస్తారు. దాన్నే బ్యాలెన్స్ ఆఫ్ పర్ఫార్మెన్స్ అంటారు. లైవ్ ఫర్ స్పీడ్‌లోనూ ఆ పనిముట్లు ఉన్నాయి. కారుకు అదనపు బరువు వేయవచ్చు, ఇంజన్ గాలిని బిగించవచ్చు. మీ నాలుగో కారు అర సెకను వేగమైతే దాని మీద బరువు పెట్టండి.

నిర్వాహకుడు: ఎవరు పెట్టాలి? జీటీ3లో ఆ పనికి జీతమిచ్చి ఇంజనీర్లను పెట్టుకుంటారు. పరీక్షలు చేస్తారు. ఇక్కడ ఆఫీసు పని ముగించుకుని వచ్చిన నిర్వాహకుడు ఒక్కడే ఉంటాడు. రెండు మోడ్లకు చేయగలడు. రెండు వందలకు చేయలేడు. పైగా సీజను మధ్యలో మోడర్ తన కారును మెరుగుపరిచాడనుకోండి, లెక్కలన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

మోడర్: ఈ మాట ఒప్పుకోవాల్సిందే. కాబట్టి చాంపియన్‌షిప్‌కు కారు ఎంచుకున్నాక సీజను అయ్యేదాకా దానిని ముట్టుకోకూడదన్న షరతు మోడర్ మీద ఉండాలి. అదేమీ పెద్ద భారం కాదు.

క్రికెట్లో ఈ సమస్యకు ఉన్న పరిష్కారం ఇక్కడ పోలికకు వస్తుంది. బ్యాటు ఎవరిది వారు తెచ్చుకోవచ్చు, తమకు నచ్చిన బరువుతో, నచ్చిన పిడితో చేయించుకోవచ్చు. 2017 నియమావళి దానికి హద్దు గీసింది: వెడల్పు 108 మిల్లీమీటర్లు, మందం 67, అంచు 40 మించకూడదు. అంపైరు దగ్గర కొలత చట్రం ఉంటుంది, బ్యాటు అందులోంచి దూరాలి. చేసినవాడెవడని ఎవరూ అడగరు. మోడ్లను అనుమతించే ఆట ముందున్న పని కూడా ఆ చట్రాన్ని తయారుచేయడమే. బ్యాటుకు కొన్ని కొలతలు చాలు, కారుకు డజన్ల కొద్దీ కావాలి. పని కష్టంగా ఉండడానికి అదే కారణం.

హక్కుల చిక్కు

నిర్వాహకుడు: కొలతలు సరిచూసుకున్నా, సొత్తు ఎవరిదన్నది మిగిలే ఉంటుంది. తిరుగుతున్న మోడ్లలో కొన్ని మోడర్ గీసినవే కావు. ఫోర్జా లాంటి వాణిజ్య ఆటల్లోంచి త్రిమితీయ నమూనాలు పీకి, అడుగున నాలుగు అంకెలు రాసి, తమవని పంచుతారు. కొందరు అమ్ముతారు కూడా. ఒక నమూనా గీయడానికి చిత్రకారుడికి నెలలు పడుతుంది. దాన్ని ఎత్తుకుపోవడానికి ఒక్క సాయంత్రం చాలు. అలాంటి కారును తన ఆటలోకి రానిచ్చిన స్టూడియో ఆ దొంగతనంలో పాలు పంచుకున్నట్టే.

మోడర్: నిజాయితీగా పనిచేసే మోడర్లకు ఆ దొంగల మీద మీకంటే ఎక్కువ కోపం. తాము ఏడాది కష్టపడి గీసిన కారు, ఎవరో ఎత్తుకొచ్చిన కారు పక్కపక్కన ఉచితంగా దొరుకుతుంటే కష్టానికి విలువేముంది? లైవ్ ఫర్ స్పీడ్ నియమం స్పష్టం: వేరే ఆటల్లోంచి పీకిన నమూనాలు చెల్లవు. పరిశీలకులు చూసే వాటిలో అదొకటి. పూర్తిగా తెరిచిన ఆటలో ఈ వడపోత కుదరదు, ఎందుకంటే కారు ఏ దారిలో వచ్చిందో ఆటకే తెలియదు. కాపలా ఉన్న ఆటలో కుదురుతుంది.

నిర్వాహకుడు: స్వయంగా గీసినా కారు కంపెనీ పేరు, ముద్ర, ఆకారం దానివే. లైసెన్సులు ఎంత బిగుతుగా ఉంటాయో పోర్షే విషయంలో చూశాం. ఆ పేరు మీద ఆటల హక్కులు 2016 దాకా చాలా ఏళ్లు ఆటల సంస్థ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ చేతిలోనే ఉండిపోయాయి. చాలా ఇతర స్టూడియోలు పోర్షే బదులు, ఆ బండ్ల ఆధారంగానే కార్లు చేసే జర్మనీ సంస్థ రూఫ్ పేరుతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. డబ్బు కట్టి లైసెన్సు తీసుకునేవాళ్లలో చాలామంది పేరు వాడలేకపోయారు, మోడర్లు మాత్రం నిక్షేపంగా వాడుకున్నారు. ఇది న్యాయమా?

మోడర్: న్యాయమని అనను. అయితే ఆ ఏళ్లలో చాలా ఆటల్లో ఆటగాడికి పోర్షే కావాలంటే వేరే దారి లేదన్నదీ నిజం. దీనికి మోడర్లే ఒక మధ్యేమార్గం కనిపెట్టారు. నిజం కారు తీరునే పట్టుకుని, పేరు మార్చి, ముద్ర తీసేసి, ఒంపులు కాస్త సవరించి చేస్తారు. మోడ్లు చేసే రేస్ సిమ్ స్టూడియో అమ్మే ఫార్ములా హైబ్రిడ్ కార్లు ఆ కోవకు చెందినవే. ఎటూ లైవ్ ఫర్ స్పీడ్ సొంత కార్లే చాలావరకు కల్పితాలు. బీమ్‌ఎన్‌జీ డ్రైవ్ ఆటలో ఉన్న కారు కంపెనీలన్నీ కల్పితాలే. పేరు లేకపోయినంత మాత్రాన కారు నడక మారదు.

ఎవరి పొట్ట, ఎవరి పని

నిర్వాహకుడు: స్టూడియో బతుకు కూడా ఆలోచించాలి. ఐరేసింగ్ చందా తీసుకుంటుంది, కార్లు విడిగా అమ్ముతుంది. ఆ డబ్బుతోనే ట్రాకులను లేజరుతో కొలుస్తుంది. ఉచితంగా వందల కార్లు దొరికితే అమ్మే కారును ఎవరు కొంటారు?

మోడర్: ఐరేసింగ్‌కు ఆ లెక్క సరిపోతుంది. ముగ్గురు నడిపే ఆటకు సరిపోదు. ఏడాదికి ఒక కారు చేయగలిగిన స్టూడియో కార్ల అమ్మకంతో బతకలేదు. అది అమ్మేది భౌతికాన్ని, ట్రాకులను, సర్వర్లను. లైవ్ ఫర్ స్పీడ్‌లో మోడ్లు వాడాలంటే పై తరగతి ఎస్3 లైసెన్సు కొనాలి. అంటే మోడ్లే లైసెన్సును అమ్మిపెడుతున్నాయి. ఇంకో లాభం కూడా ఉంది. ఈ రంగానికి మనుషులు ఎక్కడి నుంచి వస్తారు? స్వీడన్ సంస్థ సిమ్‌బిన్ పుట్టింది మోడర్ల బృందంగానే. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఆట ఎఫ్1 2002కు జీటీ కార్ల మోడ్ చేసినవాళ్లే తర్వాత సంస్థ పెట్టి జీటీఆర్ ఆట విడుదల చేశారు. తలుపు మూసి ఉంటే ఆ బడి ఉండేది కాదు.

నిర్వాహకుడు: బడి ఉండనివ్వండి. కానీ బడిలో రాసిన ప్రతి కాగితమూ పరీక్ష హాల్లోకి రాకూడదు. పరిశీలకులు కూడా జీతం లేని ఆటగాళ్లే. వాళ్లు అలసిపోయిన రోజున మీ కాపలా ఏమవుతుంది?

మోడర్: ఆ రోజు ఆమోదాలు ఆలస్యమవుతాయి. గేటు మాత్రం తెరుచుకోదు. పరిశీలన ఆగితే కొత్త కార్లు రావు, పాతవి ఉంటాయి. మూసిన ఆట ప్రతి రోజూ ఉన్న స్థితి అదే కదా.

తేలినది, తేలనిది

ఈ వాదంలో మూడు విషయాల్లో రెండు పక్షాలూ కలుస్తాయి. మొదటిది, ఎత్తుకొచ్చిన నమూనాలకు ఏ ఆటలోనూ చోటుండకూడదు. రెండోది, మోడ్ ఆటగాళ్లందరికీ ఒకే చోటి నుంచి, ఒకే రూపంలో చేరాలి. మూడోది, ఏ సర్వరులో ఏ కారు నడవాలన్న నిర్ణయం ఆ సర్వరు నడిపేవారిదే.

తేలనిది ఒక్కటి: పోటీలో మోడ్‌కు స్టూడియో కారుతో సమానమైన హోదా ఉందా? నిర్వాహకుడి దృష్టిలో లేదు, ఎందుకంటే దాన్ని సరిచూసే మనిషీ సమయమూ చాలవు. మోడర్ దృష్టిలో ఉంది, ఎందుకంటే కొలత చట్రంలో ఇమిడిన కారును చేసింది ఎవరన్నది పోటీకి అనవసరం. ఈ తేడా సూత్రానికి సంబంధించినది కాదు, పరిశీలించగల శక్తికి సంబంధించినది. మోడర్ చేతికి వదిలేసిన అంకెలు ఎంత తక్కువైతే సరిచూడవలసినవి అంత తక్కువ. టైరు పట్టును కూడా మోడరే రాసే ఆటలో నిర్వాహకుడి భయానికి బలమెక్కువ. టైరును ఆటే లెక్కగట్టి, బరువు, ఇంజన్, ఆకారం మాత్రమే మోడర్‌కు వదిలిన ఆటలో మోడర్ మాటకు బలమెక్కువ.

ఆచరణలో దీని ఫలితం రేసు రకాన్ని బట్టి మారుతుంది. సరదా సర్వర్లలో ఆమోదం పొందిన ఏ మోడ్ అయినా నడవవచ్చు. ఒకే మోడ్‌ను అందరూ నడిపే పోటీల్లో సమానత్వం సమస్యే రాదు, కాబట్టి సీజను అయ్యేదాకా ఆ కారును మార్చకుండా ఉంచితే సరిపోతుంది. వేర్వేరు కార్లు తలపడే చాంపియన్‌షిప్పుల్లో మాత్రం ప్రతి మోడ్‌నూ ముందుగా పరీక్షించి, బరువుతోనో గాలి బిగింపుతోనో సరిచేసి, ఆ సంఖ్యలను పోటీదారులందరికీ రేసుకు ముందే ప్రకటించాలి. ఆ పని చేయగల మనుషులు లేని లీగు స్టూడియో కార్లకే పరిమితం కావడం మంచిది.